నేల లేచిన గది

మొన్నటి వానలకు వనపర్తిలో మా మనుమరాలి ఇంట్లో పడకగది తలుపు ఉబ్బి పట్టేసుకుంటే, ఫోను చేసిన గంటలోపే ఒకాయన మిషను పట్టుకొచ్చి అంచు గీకేసి పోయాడు. ఎందుకు పట్టిందని గానీ, ఆ ఇంట్లో కొత్తగా ఎవరు కాలుపెట్టారని గానీ ఒక్క మాట అడగలేదు. నాకది విడ్డూరంగా తోచింది, ఎందుకంటే ఒకప్పుడు ఒక తలుపు పడనందుకు నా కాపురమే కదిలిపోబోయింది. నా ఈడువాళ్లు నవ్వరనే ధైర్యంతో చెబుతున్నాను.

రజాకార్ల గొడవలు ఇంకా మొదలుకాని రోజులవి. నేను కోడేరు నుంచి గోపాల్‌పేటకు కాపురానికి వచ్చిన తొలి వానాకాలంలో, మా అత్తగారింట్లో నడిమి గది తలుపు సగం దాకా వచ్చి నేలకు పట్టుకుని, ముందుకూ వెనక్కూ కదలకుండా మొండికేసింది. మా ఆడబిడ్డకు నెలలు నిండుతున్నాయి, పురుడు ఆ గదిలోనే, బాలింతకు గాలి సోకకుండా తలుపు బిగువుగా పడాలి. అన్నేళ్లూ బాగున్న తలుపు కొత్త కోడలు వచ్చినాకే ఎందుకు మొరాయించిందని మా అత్తగారికి అనుమానం పుట్టింది. నన్నేమీ తిట్టలేదు, ఆమె తిట్టే మనిషి కాదు; తలుపు పడకపోతే మాత్రం నన్ను పుట్టింటికి పంపేయాలని మా ఆయనతో అన్నది. అట్లా పంపిన కోడలిని మళ్లీ ఎప్పుడు పిలుస్తారో, అసలు పిలుస్తారో లేదో ఎవరికి తెలుసు?

వడ్రంగి పని చేసే వడ్లాయన వచ్చి తలుపు ఊడదీసి, అడుగున చిత్రిక పట్టి బిగించి పోయాడు. వారం బాగానే పడి మళ్లీ పట్టేసింది. మళ్లీ చిత్రిక, మళ్లీ అదే కథ. కీడు పోవాలని అత్తగారు వారానికి రెండుసార్లు గది అలకమంటే, నేను భయంకొద్దీ రోజూ అలికాను, అదీ పలచగా కాదు, ఎర్రమట్టీ పెండా చిక్కగా కలిపి, ఆమె మెచ్చేటట్టు. ఎంత భక్తిగా అలికితే తలుపు అంత గట్టిగా పట్టేది. నిజంగానే నా కాలిలో ఏదో ఉందేమోనని నాకే అనుమానం మొదలై, పొద్దున లేవగానే పాదాలు తిప్పి తిప్పి చూసుకునేదాన్ని.

మూడోసారి వచ్చిన వడ్లాయన తలుపు జోలికే పోలేదు. కింద కూర్చుని ఉలితో నేల మీది పెళ్ల ఒకటి లేపాడు. మూడు వేళ్ల మందం, పొర మీద పొర.

"తలుపు దిగలే అమ్మా, నేల లేసింది. ఇంక కోస్తే తలుపే మిగలదు" అన్నాడు.

అత్తగారు ఆ పెళ్లను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. పైన అరవేలు మందం నాది, ఆ కిందదంతా ఆమె కాపురానికి వచ్చిననాటి నుంచీ అలికినది. నా వైపు చూడకుండా, "గడ్డపార తీస్కరా పిల్లా" అన్నది. అంతే, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

నేల చెక్కేసరికి, రెండుసార్లు కోసిన ఆ తలుపు కింద పిల్లి దూరేంత సందు మిగిలింది. అక్కడ గొంగడి చుట్టి అడ్డం పెట్టి ఆడబిడ్డ పురుడు గట్టెక్కించాం. మరుసటేడు నా వంతు వచ్చింది. తొలి కాన్పుకు తీసుకుపోదామని మా నాయన కోడేరు నుంచి బండి కట్టుకొస్తే, నన్ను పంపేస్తానన్న ఆ అత్తగారే పంపనని పట్టుబట్టింది. పురిటి దినాలన్నీ తలుపు అవతల, ఆ సందుకు వీపు ఆనించి కూర్చుని బియ్యం ఏరేది. దండెం మీద గొంగడి ఉండనే ఉంది, అయినా తానే కూర్చునేది. లోపల పడుకున్న నాకు తలుపు కింద ఆమె చీర అంచు కనిపిస్తుండేది. అది నా మీది ప్రేమో, మనవడి మీదిదో, ఆ పెళ్ల చూసిననాటి నొప్పో అప్పుడూ తెలియలేదు, ఆమె పోయి ఇన్నేళ్లయినా ఇప్పుడూ తెలియదు. అడిగే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

మనుమరాలి తలుపు ఇప్పుడు చప్పుడు లేకుండా పడుతోంది, కింద నుంచి వెలుగు కూడా రాదు. నిన్న మధ్యాహ్నం నడుము వాల్చి ఆ అడుగు వైపే చూస్తూ, అవతల ఎవరైనా కూర్చుని ఉన్నారేమోనని చాలాసేపు అనుకున్నాను.