నేను తొందరపడి పోసిన నీళ్లు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పగలిగిన మాట కాదిది. ఇంటిల్లిపాదికీ ఎన్నో కథలు చెప్పాను. ఈ ఒక్కటి మాత్రం ఇన్నేళ్లూ రొమ్ము మీద తిరగలి రాయిలా మోస్తూ వచ్చాను.

మాది కల్వకుర్తి దగ్గర పల్లె. చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మంచుకొండల మీద ఫౌజు దవాఖానలో వార్డు సిపాయిని. గుడారాల దవాఖాన. అక్కడ గాలి పలచన. కొత్తగా ఎక్కినవాళ్లలో కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరేది. అలా వచ్చినవాడే యాదయ్య, హుజూర్‌నగర్ వైపు పిల్లవాడు. మాది కల్వకుర్తి అని వినగానే, పెదాలు నీలం తిరిగి ఉన్నా నవ్వాడు.

“అన్నా, మీ కల్వకుర్తి ఎండ జర గీడికి తేకపోతివి!”

“ముచ్చట్లు తర్వాత పెడుదువు గానీ, ఊపిరి దాచుకోరా.”

డాక్టరు పక్క గుడారానికి వెళ్తూ గట్టిగా చెప్పాడు: కూర్చోబెట్టే ఉంచు, ఆక్సిజన్ మాస్కు తీయకు, నోట్లో ఏమీ పోయకు, ఆయాసం పెరిగితే నన్ను పిలువు.

మధ్యాహ్నానికి ఆయాసం పెరిగింది. గొంతులో గురగుర. మా నాయిన పోయేముందు విన్న చప్పుడే. మా ఊళ్లో పోయేవాణ్ణి మంచం మీద ఉంచరు. నేల మీదికి దించి, నోట్లో నీళ్లు పోస్తారు.

“అన్నా... పండబెట్టు...” అన్నాడు.

వాడు పోతున్నాడని నేనే తీర్మానించేశాను. డాక్టరును ఎందుకు పిలవలేదు? పిలిస్తే దించనివ్వడని. అంతే. మాస్కు తీసి, కింద దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, నీళ్లు పోశాను. పొలమారింది. నా మణికట్టు పట్టుకున్నాడు. పోయేవాడి పట్టు కాదది, బతకాలని పెనుగులాడేవాడి పట్టు. నాకప్పుడు తెలిసింది. లేపి కూర్చోబెట్టేలోగా ఆ పట్టు వదిలిపోయింది.

మళ్లీ మంచం ఎక్కించాను. మూతి తుడిచాను. మాస్కు పెట్టాను. అప్పుడు కేక వేశాను. చివరిదాకా కూర్చునే ఉన్నాడని డాక్టరుతో చెప్పాను. ఆయన నమ్మి నా భుజం తట్టాడు.

సెలవులో హుజూర్‌నగర్ వెళ్లాను, నిజం చెప్పాలనే. వాళ్లమ్మ ఒక్కటే అడిగింది.

“ఆఖరికి నా కొడుకు నోట్ల నీళ్లు పోసినోళ్లు ఉన్నరా, బిడ్డా?”

“నేనే పోసిన, అమ్మా.”

ఆమె నా చేతులు కళ్లకద్దుకుంది. “నీ చేతులు సల్లగుండ,” అంది. మిగతాది దాచేశాను. ఆమె పెట్టిన అన్నం కూడా తిన్నాను. ఎలా తిన్నాను?

ఎలాగైనా పోయేవాడేమో. ఆ మాట చాటున దాక్కోవాలని ఎన్నోసార్లు చూశాను. మణికట్టు దాక్కోనివ్వదు. ఆ తల్లి ఇప్పుడు లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. చెప్పాను. ఇన్నాళ్లకు నా ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట మంచం పట్టినవారు లేచి కూర్చోవాలి. వారి నోటికి ఎవరూ తొందరపడి నీళ్లు అందించకూడదు.