గోడ వెనక నేతగుడ్డ

ఎవరైనా గుడ్డను రెండు చేతులా పట్టుకుని బర్రున లాగి "గట్టిదండీ, చిరగదు" అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. బట్టల కొట్లో చీరను చూసి అంటే నాకేం పేచీ లేదు. మట్టిలో పాతిపెట్టే గుడ్డను చూసి అలా అన్న మనిషిని మాత్రం నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

నేను కువైట్‌లో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజనీరుని. ఆఫీసు మిర్కాబ్‌లో, సామాన్ల గోడౌను అర్దియాలో. మాది కోనసీమ. ఇంట్లో మగ్గం ఉండేది, పడుగూ పేకా అన్న మాటలు నాకు అక్షరాల కంటే ముందే వచ్చాయి. మా మేనేజరుదీ అటువైపే, వాళ్లదీ నేత కుటుంబమే. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. జరిగిందంతా ఆయనకు నేత మీదున్న గౌరవం వల్ల జరిగింది.

ఎడారి దేశంలో నేల కింద నీళ్లేమిటని మా ఊళ్లో అడుగుతారు. ఉంటాయి. ఇంటి చుట్టూ గడ్డీ పూలమొక్కలూ ఖర్జూరాలూ పెంచి, పొద్దునా సాయంత్రం పైపుతో తడుపుతుంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? కింద గచ్ అని గట్టి సున్నపు నేల ఉంటుంది. అందులోకి దిగలేక పక్కకు పాకి, ఎవరి బేస్‌మెంటు గోడనో చేరతాయి. అందుకే గోడ వెనక కాలువ తవ్వి, చిల్లుల పైపు వేసి, చుట్టూ కంకర పోసి, ఆ కంకరను గుడ్డలో చుట్టి పాతిపెడతాం. గుడ్డ మట్టిని ఆపాలి, నీళ్లను వదలాలి. దాని పని అంతే.

ఆ గుడ్డల్లో రెండు రకాలు. ఒకటి నేసినది. ప్లాస్టిక్ పట్టీలను పడుగుగా, పేకగా వేసి బియ్యం బస్తాలా బిగువుగా నేస్తారు. బరువుకు సాగదు, లారీలు తిరిగే దారి కింద పరవడానికి దాన్ని మించింది లేదు. రెండోది నేయనిది. సన్నటి పోగులను దళసరిగా పరిచి, సూదులతో పొడిచి పొడిచి ఒకదాంట్లో ఒకటి చిక్కుకునేలా చేస్తారు. కంబళిలా మెత్తగా ఉంటుంది, లాగితే సాగుతుంది, చూడ్డానికి ఏమంత బాగుండదు. కానీ నీళ్లు దాని మందంలోంచి హాయిగా దారి చేసుకుని పోతాయి. గోడ వెనక కాలువకు కావలసింది ఇదే.

మేం కడుతున్న ఒక విల్లా డ్రాయింగులో నేయనిదే వేయాలని ఉంది. గోడౌనులో మాత్రం ఒక లారీ యార్డు పనిలో మిగిలిపోయిన నేసిన చుట్టలు పడి ఉన్నాయి. మేనేజరు సైటుకు వచ్చి, రెంటిలోనూ చెరో ముక్క కోయించి, ఫోర్‌మన్ ముందు నిలబడి లాగి చూశాడు. నేయనిది సాగింది. నేసినది ఉలకలేదు, పలకలేదు.

"చూడండి, గుడ్డంటే ఇదండీ. ఆ పడుగు చూడండి, ఆ పేక చూడండి. ఆ రెండోదేంటండి, దూది కుక్కిన బొంతలాగ! నేత లేంది గుడ్డెలాగవుద్దండి?"

"దీన్ని మనం కట్టుకోం కదండీ. నీళ్లు దిగాలి. బిగువుగా ఉంది కాబట్టే ఇది పనికిరాదు. ఈ సున్నపు మట్టి ఆ సందుల్లో పట్టేసిందంటే ఇక చుక్క దిగదు" అన్నాను.

"ఆయ్, మగ్గం ఉన్న ఇంట్లో పుట్టి మీరే ఆ మాటంటే ఎలాగండీ!"

ఫోర్‌మన్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను కాబట్టే చెబుతున్నాను. మా నాయనమ్మ ఎంత మంచి నేత చీరలోనైనా కాఫీ వడకట్టేది కాదు, దానికి వేరే పల్చటి గుడ్డ ఉండేది. ఏ గుడ్డ ఎందుకో ఆమెకు తెలుసు. నేత గొప్పదైతే మాత్రం ప్రతి చోటా నేతే కావాలా? ఇదంతా అక్కడే అన్నాను కూడా. మర్నాడు నన్ను వేరే సైటుకు పంపారు. తిరిగొచ్చేసరికి కంకరకు నేతగుడ్డ చుట్టేసి, మట్టి కప్పేసి, పైన టైల్సు కూడా పరిచేశారు. అడిగితే, "ఖలాస్ అండీ, అయిపోయింది కదా" అన్నాడు మేనేజరు. కప్పెట్టిన తప్పు ఎవరికీ కనబడదు, మా పనిలో ఉన్న దరిద్రమే అది.

ఆ గోడకు ఇవతల ఎవరుంటారా అని ఆ రోజు డ్రాయింగు తీసి చూశాను. పనిమనిషి గది.

విల్లా వాళ్లు ఇంట్లో చేరిన తర్వాత చలికాలం చివర్లో ఆఫీసుకు ఫోన్ వచ్చింది. బేస్‌మెంటులో దాచిన తివాచీలు తడిశాయట, వెంటనే రమ్మన్నారు. మేనేజరూ నేనూ వెళ్లాం. ఆయన ఇంటి యజమానురాలితో తివాచీల గదిలో ఆగిపోయాడు. నేను పక్కనున్న పనిమనిషి గదిలోకి వెళ్లాను. కిటికీ లేదు. గోడ నడుమెత్తు దాకా నల్లగా నాని ఉంది, దాని మీద ఉప్పు తెల్లగా పొంగి రాలుతోంది. స్పాంజి పరుపును గోడకు తగలకుండా తలుపుకు ఆనించి నిలబెట్టారు. తెలియకుండానే తెలుగులో తిట్టాను.

"తెలుగోళ్లా మేడమ్ మీరు?" అంది గుమ్మంలో నిలబడిన మనిషి. అన్నమయ్య జిల్లా. నా ఈడుదే.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"చలి మొదులైనప్పటి నుంచి ఇట్లే ఉండాది. నేనే నీళ్లు పోస్తాండానంట. గదిలో గుడ్డలు ఉతుకుతాండానంట. మామా ఈడ బాత్రూముకు తాళమేసేసింది, ఇప్పుడు దేనికైనా పైకే పోవాల. అయినా గోడ ఆరలే. మళ్లా నేనే అంటాది. ఇంగోసారి తడి కనపడితే మక్తబ్‌కు ఇచ్చేస్తానని చెప్పేసింది. నేనేం జేసినా మేడమ్?"

మామా అంటే ఇక్కడ ఇంటి యజమానురాలు. మక్తబ్ అంటే పనిమనుషులను తెప్పించే ఏజెన్సీ ఆఫీసు. అక్కడికి తిరిగి ఇచ్చేశారంటే ఇంకో ఇల్లు దొరికితే అదృష్టం, లేకపోతే విమానం ఎక్కించడమే.

"ఎక్కడ పడుకుంటున్నావు?"

"వంటింటి గడప కాడ."

చలికాలమంతా ఒక మనిషి పరుపు తడుస్తుంటే మాకు ఫోన్ రాలేదు. తివాచీలు తడిసిన రోజే వచ్చింది. నాకు ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియనంత కోపం వచ్చింది. అంతలో పక్క గదిలోంచి మా మేనేజరు గొంతు వినబడి, ఆ సంగతి కాస్తా తేలిపోయింది. ఆయన ఇంగ్లీషులో మామాకు వివరిస్తున్నాడు. గోడలో లోపం లేదు మేడమ్, మూసిన గది కదా, లోపల ఉతుకుళ్లు, ఆవిరి, ఈ పనివాళ్లకు ఎంత చెప్పినా వినరు. చెబుతూ గడ్డంతో ఈవైపు చూపించాడు. పనిమనిషికి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆ గడ్డం మాత్రం అర్థమైంది.

"నేనట్ల జేయలేదు సార్" అంది తెలుగులోనే.

సార్ ఇటు తిరగలేదు.

ఇక ఆగలేకపోయాను. మేం వచ్చిన కంపెనీ కారు డిక్కీలో సప్లయర్లు ఇచ్చిన నమూనా ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. రెండు రకాలూ తెచ్చాను. ఆమెను రెండు గాజు గ్లాసులు తెమ్మని, ఒక్కోదాని మూతికి ఒక్కో గుడ్డ కట్టాను. మామా తోటలోని మడిలోంచే మట్టి తీసి నీళ్లలో కలిపి, అందరి ముందూ రెంటి మీదా పోశాను. నేయని గుడ్డలోంచి నీళ్లు టపటపా గ్లాసులోకి దిగాయి, మట్టి పైన నిలిచింది. నేతగుడ్డ మీద మొదట కాస్త దిగి, తర్వాత బురద పరుచుకుని, నీళ్లు కదలకుండా నిలబడిపోయాయి.

మామా తెలివితక్కువది కాదు. "నా గోడ వెనక ఉన్నది ఏది?" అని అడిగింది.

మేనేజరు ఫోన్ చూసుకుంటున్నాడు. నీళ్లు నిలిచిన గ్లాసును నేనే చూపించాను.

మా కంపెనీ ఖర్చుతోనే తవ్వి మార్చాలని ఆమె అక్కడికక్కడే తేల్చేసింది. పనిమనిషితో మాత్రం ఒక్క మాట అనలేదు. కనీసం అటు చూడలేదు. బాత్రూము తాళం తీయించమని నేనే అడగాల్సి వచ్చింది.

తిరిగొస్తుంటే కారులో మేనేజరు, "మనం మనం ఒకటండీ. క్లయింటు ముందు నా పరువు తీసేశారు" అన్నాడు.

"ఆవిడ మాత్రం మన మనిషి కాదాండీ? మీరు చేసిన తప్పు ఆవిడ నెత్తిన రుద్దడానికి నోరెలా వచ్చింది?"

"వాళ్లు కడప వైపోళ్లండీ" అన్నాడు, అదో జవాబైనట్టు.

నేనుండే అబ్బాసియా దాకా దిగబెడతానన్నవాణ్ణి మధ్యలోనే ఆపించి, దిగి టాక్సీ పట్టుకున్నాను.

టైల్సు పగలగొట్టి తవ్వించాం. నేతగుడ్డ చెక్కుచెదరలేదు, ఒక్క పోగు తెగలేదు. ఆయన లాగి చూసినప్పుడు ఎంత గట్టిగా ఉందో అంత గట్టిగానే ఉంది. దాని మీద సున్నపు మట్టి పిండిలా మెత్తుకుని ఉంది. లోపల కంకర ఎండిపోయి ఉంది, బయట గోడను ఆనుకుని నీళ్లు నిలబడి ఉన్నాయి. నేయనిది తెప్పించి, ఈసారి మట్టి కప్పేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు.

గోడ మెల్లగా ఆరింది. ఎండలు ముదిరాక చివరిసారి చూసి రమ్మని నన్నే పంపారు. బేస్‌మెంటులో గోడకు అరచెయ్యి ఆనించాను. పొడిగా ఉంది. కొత్తగా సున్నం వేయించారు, ఏసీ పెట్టించారు. గది నిండా చెక్కబల్లల మీద తివాచీలు చుట్టి ఉన్నాయి.

"మీ పనిమనిషి ఏది?" అని మామాను అడిగాను.

"పైన. డాబా మీద బట్టలుతికే గది ఇచ్చాను."

"ఈ గది ఆమెది కదా."

"ఇల్లు నాది కదా, హబీబ్తీ" అని, బంగారూ అని పిలిచినంత ప్రేమగా నవ్వింది. మీ పని చాలా బాగుందని కూడా చెప్పింది.

మెట్లెక్కి డాబా మీదికి వెళ్లాను. ఆ రేకుల గదిలో కాలు పెడితే ముఖం మీదికి వేడి కొట్టింది. ఆమె వాషింగ్ మెషీన్ పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతోంది. నన్ను చూసి లేచింది.

"రా అక్కా. కింద గోడ ఆరిందా?"

"ఆరింది."

"నేను పోసిన నీళ్లు గాదని మామాకు తెలిసింది గదా. మక్తబ్ మాట ఎత్తడం లేదు. అది చాల్లేక్కా."

"చాలదు" అన్నాను. నా అరుపు నాకే వినబడింది.

మెషీన్ ఆగి, వెనక పైపు కక్కిన నీళ్లు నేలంతా పరుచుకున్నాయి. ఆమె గబగబా తుడుపుగుడ్డ అందుకుంది. పరుపు ముందే గోడకు నిలబెట్టి ఉంది.