రెప్పను పట్టుకోలేని చేతులు

నా చిన్నప్పుడు, తనకు తెలియని విద్య లోకంలో లేదని మా పెదనాయనకు గట్టి నమ్మకం ఉండేది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎవరి ఎద్దుకు లాడాలు కొట్టించాలన్నా ఆయన్నే పిలిచేవాళ్ళు. కాళ్ళకు తాడు మెలివేసి, ఎంత పొగరుబోతు ఎద్దునైనా పక్కకు పడేసి, మెడ మీద మోకాలు పెట్టి కూర్చునేవాడు. పాపం, కదిలే ప్రతిదానికీ అదే వైద్యమనుకున్నాడు.

మా నాయన శిల్పి. ఒకరోజు ఉలి దెబ్బకు రాతి పెచ్చు ఎగిరి ఆయన కుడి కంట్లో గుచ్చుకుంది. బస్సెక్కించి నంద్యాలకు తీసుకుపోయాం. కంటికి చిల్లు పడిందని, మత్తిచ్చి కుట్లు వేయాలని అక్కడి డాక్టరు చెప్పాడు. కన్ను పోతే విగ్రహాలు చెక్కే పని పోయినట్టే. మా పొయ్యి వెలిగేది ఆ పనితోనే. అమ్మ ఆస్పత్రి వరండాలో కూలబడిపోయింది.

పెదనాయన మాత్రం తాడుతో, నలుగురు మనుషులతో దిగాడు. అంతకుముందు మా ఊరాయనకు ఆపరేషన్ జరిగినప్పుడు తలుపు సందులోంచి చూశాడట. మత్తు ఎక్కేటప్పుడు ఆ మనిషి ఒళ్ళంతా గిలగిలా అదిరిందట. డాక్టర్లకు మనిషిని పట్టుకోవడం చేతకాకే అలా అయిందని తేల్చేశాడు. ఆ మాట వరండాలో ఉన్న రోగులందరికీ వినిపించేలా చెప్పాడు. వెంట వచ్చిన నలుగురూ తలలూపారు. వాళ్ళు వచ్చిందే అందుకు.

మత్తు డాక్టరమ్మ బయటికి వచ్చింది. బక్కపలచటి మనిషి. పెదనాయన ఆమెను ఎగాదిగా చూసి, "నువ్వు సూదెయ్యమ్మా, పట్టుకునేది మేం చూసుకుంటాం" అన్నాడు.

ఆమె కోప్పడలేదు. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, ఈ పిల్లను కదలకుండా పట్టుకోమని ఆయనకే చెప్పింది. ఆయన నా భుజాలు అదిమాడు. మిగతావాళ్ళు తల, కాళ్ళు, చేతులు బిగించారు. నాకు ఊపిరాడలేదు. ఆమె వంగి నా కంటి మీద ఉఫ్ అని ఊదింది. రెప్ప టపటపా కొట్టుకుంది.

"ఇంతమంది పట్టుకుంటిరి కదన్నా, రెప్ప ఎట్ల కదిలె?"

"ఊదితే కొట్టుకోదా ఏందీ" అని గొణిగాడు పెదనాయన. ఆమె ఇక ఆయనతో మాట్లాడలేదు. అమ్మ పక్కన కూర్చుని నిదానంగా చెప్పింది. మత్తుతో పాటు కండలను వదులు చేసే మందు ఇస్తారట. అది పట్టేలోగా కండలు వాటంతటవే అదురుతాయట. మామూలు మనిషికైతే తర్వాత ఒళ్ళునొప్పులతో పోతుంది. చిల్లు పడిన కంటికి ఆ అదురు తగిలితే లోపలిదంతా బయటికి వచ్చేయవచ్చు. పైనుంచి ఎంతమంది అదిమినా అది ఆగదు. పైగా ఆ తోపులాటకే కన్ను పోతుంది.

"అందుకే ముందు ఇంకో మందు రవ్వంత ఇస్తానమ్మా. కండలు నిమ్మళిస్తాయి. ఆ తర్వాతే పెద్ద మందు" అంది.

కన్ను దక్కుతుందా అని అమ్మ అడిగింది. అదరకుండా చూడడం తన పని అని, అది తప్పకుండా చూస్తానని మాత్రం చెప్పి ఆమె లోపలికి వెళ్ళింది.

కట్టు విప్పిన రోజు నాయన ఎడమ కన్ను చేత్తో మూసుకుని నా వైపు చాలాసేపు చూశాడు. చూసి, నా పాపిడి వంకరగా ఉందన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెదనాయన అప్పటికే ఆళ్లగడ్డ అంతా తిరిగి, తాను పట్టుకోబట్టే తమ్ముడి కన్ను దక్కిందని చెప్పేశాడు. ఆయన ఆపరేషన్ గది గడప కూడా తొక్కలేదు. చచ్చేదాకా అదే చెప్పుకున్నాడు.

మొన్న నంద్యాలలో నా మనవరాలికి సూది వేయించడానికి వెళ్తే, అది భయంతో వణికిపోయింది. మా అల్లుడు దాని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు, పెద్ద ఘనకార్యం చేస్తున్నట్టు. "నువ్వు ఆ పక్కకు పోయి నిలబడు నాయనా" అన్నాను. నర్సును కాసేపు ఆగమన్నాను. దాని వీపు నిమురుతూ, ఆ వణుకు దానంతట అది తగ్గేదాకా కూర్చున్నాను. అప్పుడు పిల్ల తనంతట తానే చెయ్యి చాపింది.