ఎనిమిది గంటల సంస్కృతం

మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, డిగ్రీలో చేరబోతున్న ఒక పిల్ల నా దగ్గరికొచ్చి, "సెకండ్ లాంగ్వేజీ సంస్కృతం తీసుకుంటున్నానండీ, మార్కులు బాగా పడతాయంట" అంది. మంచిదమ్మా అన్నానే గాని, ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా నా మనసు మాత్రం డెబ్భైలలో ఉయ్యూరు నుంచి బెజవాడ వెళ్ళే తొలి బస్సులోనే ఉండిపోయింది.

మా నాన్న చక్కెర ఫ్యాక్టరీలో కార్మికుడు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినదాన్ని నేనే మొదట. బి.ఏ. అయ్యాక వాల్తేరు వెళ్ళి తెలుగు ఎం.ఏ. చెయ్యాలని, ఎప్పటికైనా కాలేజీలో పాఠం చెప్పాలని నా కోరిక. ఆ ప్రవేశ పరీక్షలో సంస్కృతం కూడా ఉంటుందని పై తరగతి అమ్మాయి చెప్పింది. అప్పటికే నేను సెకండ్ లాంగ్వేజీగా హిందీకి పేరిచ్చేశాను. హిందీ, సంస్కృతం రెండూ ఒకే గంటలో జరిగేవి. నోటుపుస్తకం అట్ట వెనక గళ్ళు గీసి, నాకూ సంస్కృతం మాస్టారికీ ఒకేసారి ఖాళీ ఉండే గంట కోసం వారమంతా వెతికినా ఒక్కటీ దొరకలేదు. చివరికి ఆ అట్టే పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

మాస్టారు పిలకా, విభూతీ ఉన్న పెద్దాయన. నా గళ్ళన్నీ ఓపిగ్గా చూసి, "కాలేజీ పదింటికి కదా, ఎనిమిదింటికి రాగలవా?" అన్నారు. వస్తానన్నాను.

మర్నాడు ఖాళీ తరగతిగదిలో, "అందరికీ రామ శబ్దంతోనే మొదలుపెడతాను. నీకేమన్నా ఇబ్బందా అమ్మా?" అని అడిగారు.

"వ్యాకరణమే కదండీ" అన్నాను. ఆయన ముఖంలో విరిసిన ఆ నవ్వు ఇవాళ్టికీ నా కళ్ళముందే ఉంది.

బి.ఏ. అయ్యేదాకా ఆ పాఠాలు సాగిన రెండేళ్ళూ నాన్న తెల్లవారకముందే సైకిలు మీద నన్ను బస్సు దగ్గర దింపేవాడు. మనకెందుకయ్యా ఆ చదువని సంఘంలో ఒకరిద్దరు అడిగితే, "మా అమ్మాయి చదువు ఏ భాషలో ఉంటే అదే మా భాషండీ" అన్నాడట. బందరు కాలవ పక్కన బస్సు పోతుంటే కిటికీలోంచి వచ్చే చల్లగాలికి చున్నీ లేని ఆ రోజుల్లో ఓణీ కొంగే చెవులకు చుట్టుకుని, శబ్దాలు వల్లె వేసుకునేదాన్ని. అంత ఆశతో ప్రయాణం చేసిన రోజులు మళ్ళీ నా జీవితంలో రాలేదు.

సీటొచ్చింది. వచ్చిన నెలలోనే అమ్మకు పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయాయి. తమ్ముడూ చెల్లెలూ చిన్నవాళ్ళు. నేను వెళ్ళలేదు. ఆ మాట మాస్టారికి చెప్పే ధైర్యం కూడా చాలలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనే ఇల్లు వెతుక్కుంటూ ఉయ్యూరు వచ్చారు. నాన్న కుర్చీ వేశాడు గాని, మంచినీళ్ళు ఇవ్వవచ్చో లేదో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు. మాస్టారే నావైపు తిరిగి, "దాహంగా ఉందమ్మా" అన్నారు. నేను తెచ్చిన గ్లాసెడు నీళ్ళూ తాగి, మంచంలో ఉన్న అమ్మను చూశారు. వెళ్ళేటప్పుడు, "పరీక్ష వచ్చే ఏడూ ఉంటుంది. చదివింది మర్చిపోకు" అన్నారు.

వచ్చే ఏడూ కుదరలేదు. ఊళ్ళోనే బడిలో తెలుగు టీచరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను.

ఇప్పుడు కాలేజీలు ఊరూరా ఉన్నాయి, ఏ భాషైనా ఇంట్లో కూర్చునే నేర్చుకుంటున్నారు. సంతోషమే. కానీ నా తరగతుల్లోంచి కూడా ఎందరో పిల్లలు ఉన్నట్టుండి బడి మానేశారు. హాజరుపట్టీలో వాళ్ళ పేర్లు కొట్టేశానే గాని, ఎందుకు రావడం లేదని ఒక్కరి ఇంటికైనా నేను వెళ్ళలేదు.