బావగారు ఎంచిన దారి

లిఫ్టు మెకానిక్‌కు లిఫ్టెక్కడమంటే నామోషీ. ఎంత పై అంతస్తుకైనా పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లమీదే వెళ్లేవాడు. ఆదివారం వస్తే ఊరి బయట కొండల మీదే కాపురం. కలిసి కొండలెక్కే జట్టువాళ్లు ‘కొండమేక’ అని పేరు పెడితే, పైకి విసుక్కున్నా లోలోపల పొంగిపోయేవాడు.

భార్యది లాండ్రీలో ఇస్త్రీ పని. ఏళ్ల తరబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. మొదట్లో ఆమెనూ కొండకు తీసుకెళ్లాడు గాని, నాలుగడుగులకోసారి ఆగాలంటే అతనికి ప్రాణం విసిగిపోయేది. “నువ్వు పార్కులో తిరుగు, నీకదే సరి” అని వదిలేశాడు. అక్కడే వచ్చింది తంటా.

పార్కులో ఆమెకు తోడు దొరికింది. ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. చూపు లేదు, మాటకు మాత్రం కొదవ లేదు. ఇద్దరూ వారం వారం కొత్త బాట వెతుక్కునేవారు. ఆమెకు మెట్లుండకూడదు, మధ్యమధ్య బల్లలుండాలి. అతనికి బాట అంచు కర్రకు తగలాలి, కొమ్మలు మొహానికి తగలకూడదు. రెండూ కుదిరిన చోటు దొరికితే పండగే.

“చెరువుగట్టు బాగుందండీ. నీళ్ల చప్పుడు విని బాతులెన్నో చెప్తానన్నాడు. తీరా చూస్తే అక్కడ ఒక్క బాతూ లేదు!” అని ఇంటికొచ్చి పగలబడి నవ్వేది.

ఆ నవ్వు మెకానిక్‌కు ముల్లులా దిగింది. తన కొండల కబుర్లకు ఆమె ఏనాడూ అలా నవ్వలేదు.

ఒక ఆదివారం కొండ మానేసి, భుజాన సంచితోనే పార్కులో చెట్టుచాటున నక్కాడు. ఆపరేటరు ఆమె మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. కళ్లు లేని మనిషికి చెయ్యి అందిస్తే తప్పేమిటని బుద్ధి చెబుతూనే ఉంది. కడుపుమంట వింటేగా!

“ఏమండీ, బయటికి రండి, మీ సంచి కనబడుతోంది” అంది భార్య.

“బావగారా! రండి రండి” అని ఆపరేటరు చెయ్యి చాచాడు.

బావగారట! వరస కలిపితే ఈర్ష్య చల్లారుతుందా?

“వచ్చేవారం దారి నేను చూపిస్తా” అన్నాడు మెకానిక్.

చూపించాడు. కొండ వెనక బాట: రాళ్లు, వేర్లు, నిట్టనిలువు మెట్లు. రెండు మలుపులు తిరిగేసరికి ఈ పెద్దమనిషి చేతులెత్తేయాలి, మళ్లీ పార్కు ఊసెత్తకూడదు. అదీ అతని ఎత్తు.

తానొకటి తలిస్తే జరిగింది వేరొకటి. ఆపరేటరు అతని భుజం పట్టుకుని, “ఎత్తా, పల్లమా బావగారూ?” అని అడుగుతూ నింపాదిగా ఎక్కసాగాడు. పడనిస్తే పాపం గదా, మెకానిక్ పళ్లు నూరుకుంటూనే “ఎత్తు... ఎడమపక్క వేరుంది, చూసుకోండి” అని చెప్పాల్సి వచ్చింది.

“నన్నెవరూ ఇలాంటి చోటికి తేలేదండీ” అని మురిసిపోయిన ఆపరేటరు, అంతలోనే ఆగాడు. “అక్కగారి మాట వినబడటం లేదేం?”

మెకానిక్ వెనక్కి తిరిగాడు. ఆమె లేదు. ఆపరేటరును ఒక బండమీద కూర్చోబెట్టి పరుగున దిగాడు. కింది మలుపులో మెట్టుమీద కూలబడి, మోకాలు రెండు చేతులా పట్టుకుని ఉంది.

“మెట్లున్నాయని చెప్పలేదేం?”

“ఆయనకు... కష్టమవుతుందేమో చూద్దామని...”

“ఆయన్ని ఓడిద్దామని తెచ్చారు. నా మోకాళ్లు మాత్రం మీకు గుర్తు రాలేదు.”

అతను పైకెళ్లి ఆపరేటరును వెంటబెట్టుకొచ్చాడు.

దిగడం ఎక్కడం కన్నా నరకమైంది. ఒక భుజం ఆమెకు, ఒక భుజం ఆపరేటరుకు ఇచ్చి, మెట్టుమెట్టుకూ ఆగుతూ దింపాడు. పాత జట్టు పక్కనుంచి దూసుకుపోతూ, “ఏం కొండమేకా, ఇంకా ఇక్కడేనా?” అంది. “వెళ్లండయ్యా, వెళ్లండి” అన్నాడు తల దించుకుని.

మోకాలి వాపు తగ్గాక ఆమె తేల్చి చెప్పింది: “ఇకమీదట దారి నేనే చూస్తా. వస్తే రండి.”

కాలువ పక్క చదును బాటకు వెళ్లాడు. బల్ల బల్లకూ కూర్చోవడం అతనికి మింగుడు పడలేదు, అయినా కూర్చున్నాడు. ఆపరేటరు ఏదో అన్నాడు, ఆమె పగలబడి నవ్వింది. మెకానిక్ మొహం కాలువ వైపు తిప్పేశాడు.

“మీరూ ఏదైనా చెప్పండి మరి” అంది ఆమె.

లిఫ్టులో ఇరుక్కున్న మేనేజరు తలుపు సందులోంచి తనకు జీతం పెంచుతానని ఒట్టు వేసిన సంగతి చెప్పాడు. ఆపరేటరు బల్ల చరిచి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, కాకపోతే కాస్త తక్కువ. ఆ తక్కువ ఎంతో మెకానిక్ ఇంటికెళ్లేదాకా కొలుచుకుంటూనే ఉన్నాడు.