కడిగేసిన గొంతు

ప్రెస్సులో ఆయన్ని అందరూ కడుగుడు అనే పిలిచేవారు. నలుపు అచ్చు వేశాక ఎరుపు వేయాలంటే మిగతావాళ్లు రోలర్లను ఓ గుడ్డతో తుడిచి మమ అనిపించేవారు. ఈయన మాత్రం తెల్లగుడ్డకు మరక అంటనంత వరకూ కిరసనాయిలు పోసి కడిగేవాడు. జీవితంలో ఆయనకు బాగా వచ్చిన విద్య అదొక్కటే. కొంప ముంచడానికి అది చాలింది.

ఆయన అక్కకు గొంతులో పుండు లేచింది. కోసి తీసేస్తే ఇక మాట ఉండదన్నారు డాక్టర్లు. ఆపరేషనుకు ముందు ఆవిడ తమ్ముడి కంప్యూటర్ ముందు కూర్చుని మనవరాలికి కథలు చెప్పి రికార్డు చేసింది. నడుమ, "ఒరేయ్, ఆ తలుపు వెయ్యరా! ఎన్నిసార్లు చెప్పాలిరా మొద్దూ!" అని తమ్ముడి మీద అరిస్తే అదీ రికార్డయింది. ఆపరేషనయ్యాక మెడలో రంధ్రమే మిగిలింది. రోజూ సాయంత్రం వచ్చి తన గొంతు తనే వినేది. ఆ తిట్టు దగ్గర భుజాలు కదిలిపోయేలా నవ్వేది.

కంప్యూటర్ ముసలిదై మొరాయించసాగింది. అక్క కొడుకు ఓ పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చాడు.

"ఈ విండోస్ బదులు లినక్స్ వేసుకో మావయ్యా, ఉచితం. పాత మిషన్లమీద కూడా హాయిగా నడుస్తుంది. ముందు అమ్మ రికార్డింగులు వేరేచోట దాచు. పాతదాన్ని తీసెయ్యకు, పక్కనే వెయ్యి."

వాడు గుమ్మం దాటగానే కడుగుడు మూతి విరిచాడు. "పాత రంగుమీద కొత్త రంగు వేస్తారా ఎక్కడైనా? రోలర్ కడిగితే అచ్చయిన కాగితాలు చెరిగిపోతాయా? నాకు చెప్పొచ్చాడు!"

పెన్‌డ్రైవ్ గుచ్చగానే, పాతది ఉంచాలా, అంతా చెరిపేసి వేయాలా అని తెర అడిగింది. చెరిపేయమన్నాడు. నిజంగానేనా అని మళ్లీ అడిగింది. మహా గర్వంగా మళ్లీ నొక్కాడు.

కొత్త తెర తళతళలాడింది. మురిసిపోయి అక్కను పిలిచాడు. ఆవిడ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పెట్టరా అన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన వెతికాడు. తెరిచిన ప్రతి ఫోల్డరూ ఖాళీ.

"అక్కా... కడిగేశానే," అన్నాడు.

ఆవిడ నోరు తెరిచింది. పెదాలు ఆడాయి, మెడలోంచి గాలి బుస్సుమంది. ఏమని తిడుతోందో ఆయనకు తెలుసు. ఒక్కసారి, ఒక్క మాట వినబడితే చాలని ఆయన ప్రాణం కొట్టుకుంది. ఆవిడ ఇయర్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, బయటకు పొమ్మని గుమ్మం వైపు వేలు చూపింది.

ఆయన వెళ్లాడు. జన్మలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండానే తలుపు వేశాడు.