జాడ చెరగనివ్వని మనిషి

మా తోడికోడలిని నేను అక్కా అని పిలుస్తాను. పదేళ్లుగా ఒకే ఇల్లు, ఒకే వంటగది. మాకు మాటా మాటా వచ్చిందంటే అది పొయ్యి ఎవరు తుడవాలన్న దాని మీదే. నాది మందుల షాపులో ఉద్యోగం. ఆవిడది కంపైలర్ పని.

ఆ పనేమిటో ఓసారి బట్టలు మడతపెడుతూ మా అత్తగారికి చెప్పింది. మనుషులు రాసిన ప్రోగ్రామును కంపైలర్ యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మారుస్తుంది. వేగం కోసం ఆ ఆదేశాల్లో కొన్ని తీసేస్తుంది, కొన్ని కలిపేస్తుంది, కొన్నిటిని ముందుకీ వెనక్కీ జరుపుతుంది. ప్రోగ్రాము పరుగెడుతుంది. కానీ ఎక్కడో తేడా వచ్చి ఆపి చూస్తే, ఏ లైను దగ్గర ఆగిందో, ఏ విలువ ఎక్కడికి పోయిందో అంతుపట్టదు. ఆ జాడలు చెరిగిపోకుండా చూడటమే అక్క పని.

"అంటే, వాళ్లు సర్దేస్తుంటే ఏది ఎక్కడ పెట్టారో నువ్వు గుర్తుపెట్టుకుంటావన్నమాట" అంది అత్తగారు. అప్పట్నుంచి ఇంట్లో ఏది కనిపించకపోయినా అక్కనే అడగడం. అక్క కళ్లజోడు మాత్రం రోజూ మేమే వెతికిపెట్టాలి.

ఆఫీసులో వేగం చూసే జట్టుకు ఓ పెద్దాయన ఉండేవాడు. ఆయన దృష్టిలో అక్క పని ఆటలో అరటిపండు. చెడ్డవాడేం కాదు. వేగం పెరిగితే లోకమంతా చూస్తుంది, జాడ మిగిలితే ఎవరు చూస్తారని ఆయన వాదన. అక్క వాదించేది కాదు. కంపైలర్‌లో ఒక్కో దశా తీసుకుని, అక్కడ ఏ జాడ తెగిపోతోందో చూసి అతికించుకుంటూ పోయింది. అతకడం కుదరని చోట విలువ తెలియదనే చూపించేది. పాత విలువ చూపించి నమ్మించడం కన్నా తెలియదనడం నయమనేది.

రెండేళ్ల పని పూర్తయింది. కొత్త కంపైలర్ విడుదలకు వారం ముందు అక్క ఒకే ప్రోగ్రామును జాడలతో ఒకసారి, జాడలు లేకుండా ఒకసారి ఆదేశాలుగా మార్చి, రెండిటినీ పోల్చి చూసింది. వచ్చిన ఆదేశాలు అచ్చుగుద్దినట్టు ఉండాలి. ఒకచోట లేవు. ఓ దశ, ఆదేశాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి నిర్ణయం తీసుకునే దశ, జాడల కోసం అక్క పెట్టిన గుర్తుల్ని కూడా ఆదేశాలనుకుని లెక్కలో కలిపేసింది.

నేరుగా పెద్దాయన దగ్గరికెళ్లి చెప్పింది. ఎవరి కంటా పడలేదు కదా, విడుదలయ్యాక దిద్దుకోవచ్చు లెమ్మన్నాడాయన.

"గుర్తులు పెడితే ప్రోగ్రామే మారిపోతోందండీ. తప్పు వెతికేవాడు చూసేది ఇంకో ప్రోగ్రామును. నా పని మొత్తం వెనక్కి తీసేయండి" అంది అక్క.

తీసేశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, నా వంతైనా సరే, పొయ్యి తనే తుడిచింది. అడిగితే ఒక్క మాటే చెప్పింది: "రోగం చూడబోయి రోగినే మార్చేశానే."

మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది. గుర్తులు ఆదేశాల వరసలో ఉండబట్టే కదా ఈ తంటా అని, వాటిని వరసలోంచి తీసి పక్కన తగిలించింది. అంతటినీ మార్చుకుంటూ రావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఈసారి పోల్చి చూస్తే రెండూ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి.

విడుదలయ్యాక ఓరోజు రైలు తలుపుల సాఫ్ట్‌వేర్ రాసే వాళ్లు పెద్దాయనకు ఫోన్ చేశారు. అప్పుడప్పుడూ తలుపు సగంలో ఆగిపోయేదట. నెలల తరబడి పట్టుబడని ఆ తప్పు, ఇప్పుడు జాడలు ఉండటంతో ఒక్క మధ్యాహ్నంలో దొరికిందట. ఆయన ఫోన్ తెచ్చి అక్క చేతికిచ్చాడు. వాళ్లేమన్నారో అక్క మాకు చెప్పలేదు. ఇంటికొచ్చాక మా బావగారితో, రేపు సినిమాకెళ్దామంది. అంతే.

ఆ తర్వాత పెద్దాయనే ఓ నియమం పెట్టాడు. ఎవరు ఏ మార్పు చేసినా, జాడలు తెగలేదనీ ఆదేశాలు మారలేదనీ చూసే అక్క పరీక్ష దాటాకే కంపైలర్‌లోకి వెళ్లాలి. ఆ పరీక్షలో మొట్టమొదట వెనక్కొచ్చింది ఆయన మార్పే. ఆయన నవ్వి, కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చుని, "ఎక్కడ తెంపానో చూపించమ్మా" అన్నాడు.